తెలుగువారి వాక్యశ్రవణము – వాక్యాచరణము

మన తెలుగువారికి వినుట క్రొత్త విద్య కాదు. అక్షరము రాని తాత భారతకథను ఆమూలాగ్రముగా చెప్పుటయు, బడి గడప త్రొక్కని అవ్వ భాగవత పద్యములను తడబాటు లేక అప్పగించుటయు మనలో పెక్కుమంది ఎరిగినదే. పురాణ కాలక్షేపము జరుగు అరుగు మీద పుస్తకము ఒక్కటి. చుట్టును కూర్చుండి వినువారు నూర్గురు. శ్రవణము, మననము, నిదిధ్యాసనము అని పెద్దలు మెట్లు చెప్పియున్నారు. మొదటి మెట్టు మీదనే కూర్చుండిపోవువారిని చూచి పరిహసించుటయు మన సామెతలలో కలదు.

ఈ వ్యాసమున మేము ఎన్నుకొన్న విషయము మన సాంస్కృతిక సంచికలలో అరుదుగా కనబడునది. క్రైస్తవ వేదవాక్యమును మన తెలుగువారు ఎట్లు చెవినబెట్టిరి? విన్నదానిని నమ్మి ఏ మేరకు నడతలో పెట్టిరి? అట్లు పెట్టినందులకు ఏమి చెల్లించిరి? ఇది మతప్రచారము కాదు, మతఖండనమును కాదు. పళ్ళిపట్టు, తిరుత్తణి ప్రాంతముల తెలుగు కుటుంబములలో గుడికి పోవువారు కలరు, చర్చికి పోవువారు కలరు. ఇరువురి పూర్వుల కథయు తెలుగు కథయే గనుక ఒకరి కథ మరియొకరు తెలిసికొనుట మంచిదని మా అభిప్రాయము.

ముందుగా ఆ వేదము ఈ విషయమున ఏమి చెప్పుచున్నదో చూతము. పౌలు రోమా సంఘమునకు వ్రాసిన పత్రికలో విశ్వాసమునకు వినికిడియే మూలమని వాదించెను. యాకోబు తన పత్రికలో దానికి ప్రక్కనే ఒక హెచ్చరిక నిలిపెను. విని ఊరకుండువానిని, అద్దములో ముఖము చూచుకొని ప్రక్కకు తిరిగిన వెంటనే తన రూపును మరచిపోవు మనుష్యునితో అతడు పోల్చినాడు. యేసు కొండమీద చేసిన ప్రసంగము చివర చెప్పిన ఉపమానము అందరు ఎరిగినదే. విని చేయువాడు బండమీద ఇల్లు కట్టినవాడు. విని చేయనివాడు ఇసుకమీద కట్టినవాడు. మన ప్రాంతమువారికి ఈ ఉపమానమునకు వ్యాఖ్యానము అక్కరలేదు. ఏడాదిలో అధికభాగము కుశస్థలి నది ఇసుకపర్రయే. పైన కృష్ణాపురం జలాశయము తలుపులెత్తిన నాడు ఆ ఇసుక ఎటుపోవునో గట్టున కాపురమున్నవారికి తెలియును.

మేము జీవితములో అధికభాగము గుమాస్తాగా గడిపినవారము. ప్రభుత్వపు ఉత్తరువు వచ్చినప్పుడు దానికి రెండు గతులు కలవు. చదివి, సంతకము చేసి, కట్టలో చేర్చి, తాడు బిగించుట ఒకటి. అమలు జరుపుట రెండవది. మొదటిదానికి తెలివి చాలును. రెండవదానికి ఎవరితోనైన తగవు పడవలసియుండును. తెలుగు క్రైస్తవుల చరిత్ర చదువునప్పుడెల్ల మాకీ భేదము జ్ఞప్తికి వచ్చుచుండును.

పుస్తకము మాట మొదట చెప్పవలెను. జర్మనీ దేశీయుడగు బెంజమిన్ షుల్జ్ తరంగంబాడి నుండి మద్రాసునకు వచ్చి తెలుగు నేర్చి, 18వ శతాబ్దపు మొదటి భాగముననే బైబిలును తెనిగింప పూనుకొనెను. అతని శ్రమ వ్రాతప్రతిగానే మిగిలినది. స్వదేశమునకు మరలిన పిమ్మట 1746 ప్రాంతమున హాలే పట్టణమున కొన్ని చిన్న తెలుగు మతగ్రంథములు మాత్రము అచ్చువేయించెను. అచ్చుపడిన తొలి తెలుగు పుస్తకములు అవియేయని చెప్పుదురు. తెలుగు అక్షరము అచ్చుయంత్రమును మొదట చూచినది గోదావరి తీరమున గాక జర్మనీలో అనుట వింతగానే యున్నది.

తరువాత 1805లో లండను మిషనువారగు జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ విశాఖపట్టణమునకు వచ్చిరి. వీరికి కుడిభుజమై నిలిచినవాడు ఆనందరాయరు అను తెలుగు బ్రాహ్మణుడు. తరంగంబాడిలో బాప్తిస్మము పొందిన ఈయన లేనిచో ఆ దొరల తెనుగు ఎవరికి అర్థమయ్యెడిదో మేము ఊహింపలేము. దొరలిద్దరును 1809, 1810 సంవత్సరములలో ఒకరి వెనుక నొకరు ఈ నేలనే కన్నుమూసిరి. వారు తెనిగించిన సువార్తలు 1812లో శ్రీరామపురమున అచ్చయ్యెను. ఎడ్వర్డు ప్రిచెట్ తెనిగించిన క్రొత్త నిబంధన 1818లో మద్రాసున వెలువడెను. మన నిఘంటుకారుడు బ్రౌను దొరగారును ఈ పనిలో కొంతకాలము చేయివేసినవారే. సంపూర్ణమైన బైబిలు ప్రజలకు అందుటకు మరి దాదాపు నలుబది ఏండ్లు పట్టెను.

అయితే పుస్తకము అచ్చుపడుట వేరు, వాక్యము వినబడుట వేరు. ఆ పుస్తకమును చదువగలిగినవారు నాడు ఎవరు? బ్రాహ్మణులు, కరణములు, కొందరు కోమట్లు, కొందరు కాపులు. వీరిలో చదివినవారు చదివి మెచ్చుకొనిరి, లేదా నొచ్చుకొనిరి, అక్కడితో ముగిసినది. పర్లాకిమిడి ప్రాంతపు పురుషోత్తమ చౌదరిగారు వంటివారు అరుదు. ఆయన ఒక చిన్న మతపత్రికను చదివి కదలిపోయి, కటకము వరకు పోయి 1833లో బాప్తిస్మము పొందిరి. ఏండ్ల తరబడి పుస్తకము చదువరుల చేతిలోనే తిరిగినది. అది ఊరికి ఆవల, చదువురాని వాడకు చేరినది చెవి గుండనే.

ఆ చేరిన తీరు రెండు జీవితములలో స్పష్టముగా కనబడును.

మొదటిది పగోలు వెంకయ్య కథ. బెజవాడకు ఎగువనున్న రాఘవాపురమున మాలపల్లెలో పెద్ద. దేహబలము గలవాడు, నలుగురిని కూడగట్టుకొని తిరిగినవాడు, ఇరుగుపొరుగు భయపడినవాడు. దేవుడు ఒక్కడే యని ఎవరో చెప్పగా విని, విగ్రహములను విడిచెను. కాని ఆ ఒక్క దేవుడు ఎవరో, ఎక్కడ నున్నాడో చెప్పువారు దొరకలేదు. పేరు తెలియని దేవునికే కొంతకాలము మ్రొక్కుచు, నీవెవరవో తెలుపుమని వేడుకొనుచు గడపినాడు. తుదకు బెజవాడలో డార్లింగు దొరగారి బోధ విని, తాను వెదకుచున్నది ఇదియేయని నిశ్చయించుకొని 1859లో బాప్తిస్మము పొందెను. పిమ్మట 1891లో మరణించువరకు ముప్పదిరెండేండ్లు ఊరూర తిరిగి తాను విన్నదానిని వినిపించెను. గమనింపవలసిన దేమనగా, ఈయన విన్న మొదటి ముక్క ఒక్కటే: దేవుడు ఒక్కడు అనునది. పూర్తి బోధ అందునంతవరకు ఆగక, ఆ ఒక్క ముక్కను అప్పుడే అమలు జరిపినాడు.

రెండవది ఎర్రగుంట్ల పేరయ్య కథ. ఒంగోలుకు పడమర తాళ్ళకొండపాడు అను గ్రామమున మాదిగవాడ. తోళ్ళ బేరము వృత్తి. ఈయన వట్టి మట్టిముద్ద కాదు. బండికట్ల వీరమ్మ అను స్త్రీ గురువు వద్ద యోగాభ్యాసము నేర్చినవాడు. ధ్యానమున కూర్చుండుట, గురువాక్యమును నిలుపుకొనుట ఆయనకు అలవడియే యుండెను. అంటరానివారని ఊరు వెలివేసిన వాడలలో ఇట్టి యోగమార్గములు, ఇట్టి స్త్రీగురువులు ఉండిరను సంగతి మన సాహిత్య చరిత్రలలో కానరాదు. 1899లో లండనులో ఎమ్మా రౌషన్‌బుష్ క్లౌ అను విదుషి వ్రాసిన గ్రంథము వలననే ఇది లోకమునకు తెలిసినది. ఆ గ్రంథమునకు ఆమె పెట్టిన పేరు చెప్పులు కుట్టుచుండగా అను అర్థమునిచ్చును. పేరు చక్కగా కుదిరినదని మేము తలంతుము. ఆ వాడలలో వాక్యశ్రవణము జరిగినది అట్లే గదా! చేతిలో ఆరె, తోలు, చెవిలో మాట.

పేరయ్య తోళ్ళ బేరమునకై ఉత్తరపు జిల్లాలకు పోయినప్పుడు క్రైస్తవ బోధను విని దానిని మనసున పెట్టుకొని వచ్చెను. నెల్లూరు అమెరికన్ బాప్టిస్టు మిషనులో జూయెట్ దొరగారు ఏండ్ల తరబడి పాటుపడుచుండిరి. 1865లో వచ్చిన జాన్ క్లౌ దొరగారు మరుసటి ఏట ఒంగోలు చేరిరి. ఆ 1866లోనే పేరయ్యయు, భార్య నాగమ్మయు బాప్తిస్మము పొంది తమ ఊరికి మరలిరి. 1867 జనవరి 1వ తేదీన ఒంగోలులో ఎనిమిది మంది సభ్యులతో సంఘము ఏర్పడెను. అదే నెలలో క్లౌ దొరగారు తాళ్ళకొండపాటికి పోయి చింతతోపులో దిగగా, పేరయ్య మాట విని చుట్టుపట్ల ఊళ్ళనుండి జనము మూటలు కట్టుకొని వచ్చియుండిరి. ఐదు దినములు విన్న పిమ్మట ఇరువది యెనిమిది మంది బాప్తిస్మము పొందిరి. వీరిలో అక్షరజ్ఞులు వ్రేళ్ళమీద లెక్కింపదగినవారే.

ఇక ఆచరణ మాట. బాప్తిస్మము కోరినవారికి క్లౌ దొరగారు పెట్టిన నియమములు ముఖ్యముగా మూడు. ఆదివారము పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. వినుటకు ఇవి చిన్న సంగతులు. పట్టణపు చదువరులు ఇంతేనా యని నవ్వవచ్చును. కాని ఒక్కొక్క నియమము నాటి గ్రామవ్యవస్థలో ఎచ్చట తగులునో ఆలోచింపుడు.

ఊరిలో గొడ్డు చచ్చినచో దానిని ఈడ్చుకొనిపోవుట మాదిగవారి విధి, తోలును మాంసమును వారి హక్కు. ఆ తోలుతో కాపులకు కపిలబాన, చెప్పులు, పగ్గములు కుట్టి ఇయ్యవలెను. కళ్ళములో వారికి మేర కొలిచి పోయుదురు. ఈ ఏర్పాటు తరతరములది. మాంసము మాకు వద్దనుట వారి దృష్టిలో శుచికి సంబంధించినది. ఊరి దృష్టిలో అది పొగరు. వాడు మాంసము మానిననాడు మనతో సమానుడగుటకు చూచుచున్నాడని పెద్దలు గ్రహించిరి. నిజమునకు వారు గ్రహించినది సరియే.

విగ్రహములకు మ్రొక్కకుండుట అనగా జాతరలో డప్పు వాయింపకుండుట. మాదిగ డప్పు లేనిదే గ్రామదేవత కొలువు సాగదు. కలరా, మశూచి ఊరిమీద పడిన యెడల, వీండ్లు అమ్మవారికి డప్పు మానుటవలననే వచ్చినదని నింద పడును. ఆదివారపు విశ్రాంతి అనగా వెట్టికి రాకుండుట. కరణము కబురంపిన దినము ఏదైనను పోవలసినవాడు, ఈ దినము రానని చెప్పుట ఆ వాడలో మొదటిసారి జరిగినది. ఏడింట ఒక దినము తన దేహము తనదని చెప్పుట అది. ఫలితము వెంటనే కనబడెను. పొలముపనులు మాన్పించిరి, నీళ్ళకు అడ్డుపడిరి, లేనిపోని నేరములు మోపి ఠాణాలకు త్రిప్పిరి. కొందరు జంకి వెనుకకు పోయిరి. పెక్కుమంది పోలేదు.

మేము ఈ ఘట్టమును విస్తరించి వ్రాయుటకు కారణము కలదు. నమ్మకము మనసులోని సంగతి యని నేటివారు అనుచుందురు. ఆ వాడలలో అది మనసులో నుండుటకు వీలులేక పోయెను. శనివారము రాత్రి విన్న మాట ఆదివారము ఉదయము వెట్టివాని కేక వద్దకు వచ్చి నిలిచినది. పోవుటయో, మానుటయో తేలిపోవలెను. యాకోబు పత్రికలోని అద్దము వారికి అంత దగ్గరగా నుండెను.

పరీక్ష వినువారికే గాక చెప్పినవారికిని వచ్చెను. ఒంగోలులో క్లౌ దంపతుల పాఠశాలకు మొదట బ్రాహ్మణ బాలురు వచ్చుచుండిరి. పై కులములవారు దొరగారియెడ ఆదరముతో నుండిరి. అంతలో పల్లెలనుండి మాదిగ బాలురు చదువునకై వచ్చిరి. వీరిని చేర్చుకొన్నచో మేము మానెదమని బ్రాహ్మణులు, కోమట్లు స్పష్టముగా చెప్పిరి. దొరగారికి దిక్కుతోచలేదు. ఊరి పెద్దలను కోల్పోయినచో పని సాగునా? ఆయన ఒక గదిలో, ఆయన భార్య వేరొక గదిలో క్రొత్త నిబంధన చేతికి తీసికొని విప్పగా, ఇరువురికిని ఒకే భాగము కనబడెనట. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయము చివర, లోకము హీనమని ఎంచినవారినే దేవుడు ఎన్నుకొనెనని పౌలు చెప్పు భాగమది. బయటికి వచ్చి ఒకరికొకరు చెప్పుకొని ఆశ్చర్యపడి, మాదిగ బాలురను చేర్చుకొనిరి. పై కులములవారు వెడలిపోయిరి. కాకతాళీయమని కొందరందురు, అనవచ్చును. పుస్తకములు తెరచినప్పుడు ఏదో యొక పుట కనబడకపోదు. కనబడినదానిని పట్టి పాఠశాలలో సగము ఖాళీ చేసికొనుట మాత్రము కాకతాళీయము కాదు.

పిమ్మట 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును దహించిన ధాత కరవు వచ్చెను. మన తిరువళ్ళూరు జిల్లా తీరమున పులికాటు మీదుగా సాగు బకింగ్‌హాం కాలువను ఉత్తరమునకు పొడిగించుట కరవుపనిగా ప్రభుత్వము చేపట్టెను. క్లౌ దొరగారు పూర్వము తమ దేశమున సర్వే పని చేసినవారగుటచే, మూడున్నర మైళ్ళ కాలువ త్రవ్వకమును తామే గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి పనియు కూలియు కల్పించిరి. తెలుగు బోధకులే మేస్త్రీలు. పగలు మట్టి మోయుట, విశ్రాంతివేళ కూర్చుండి వినుట. దూరదూరపు ఊళ్ళవారు ఆ గట్టుమీదనే మొదటిసారి ఆ వాక్యమును వినిరి.

ఇచ్చట దొరగారు చేసిన ఒక పని మాకు మిక్కిలి నచ్చినది. కరవు ఉన్నంతకాలము, ఏడాదికి పైగా, ఆయన ఎవరికిని బాప్తిస్మము ఇయ్యలేదు. గింజలకై మతము మారిరను మాట రాగూడదని ఆయన తలంపు. కరవు తీరి, సహాయధనము అయిపోయి, ఇక మీకు ఇచ్చుటకు ఏమియు లేదు, ఇండ్లకు పొండని చెప్పిన పిమ్మటనే వేలమంది వచ్చి నిలిచిరి. 1878 జూలై 3వ తేదీన ఒంగోలుకు ఉత్తరమున వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు వేసికొని ఆ పని నెరవేర్చిరి. ఆ ఏడు ముగియులోగా సంఖ్య తొమ్మిది వేలు దాటెను. అన్నమునకై వచ్చినవారని నేటికిని ఎత్తిపొడుచువారు కలరు. అందులో కొందరు అట్టివారును ఉండియుందురు. వేలమందిలో అందరి మనసులు ఎవరు చూచిరి? కాని అన్నము పెట్టునప్పుడు తలుపు మూసి, అన్నము లేనప్పుడు తెరచినవానిని గూర్చి చెప్పునప్పుడు ఆ తేదీల వరుసయు చెప్పవలెను.

ఇంతమంది నిరక్షరాస్యులకు వాక్యము నిలిచియుండుటకు సాధనము ఏది? పాట. పురుషోత్తమ చౌదరిగారు 1890లో మరణించులోగా నూటికి పైగా కీర్తనలు రచించిరి. అవి దొరల బాణీలు కావు. మన రాగములు, మన తాళములు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరచినచో పాటకు పైన రాగతాళముల పేర్లు కానవచ్చును. త్యాగరాజస్వామివారి కృతులు వినిన చెవికి అవి పరాయివిగా తోచవు. పల్లెలలో ఉపాధ్యాయుడే బోధకుడు. సాయంకాలము పనినుండి వచ్చినవారిని కూర్చుండబెట్టి పది ఆజ్ఞలను, ప్రభువు నేర్పిన ప్రార్థనను నోటికి వచ్చువరకు చెప్పించును. భజన, కోలాటము, హరికథ, బుర్రకథ అన్నియు ఈ పనికి వచ్చెను. బైబిలు స్త్రీలని పేరుగాంచినవారు ఇల్లిల్లు తిరిగి ఆడవారికి వినిపించిరి.

మన దిక్కునకు వత్తము. నేడు తమిళనాటనున్న ఈ పళ్ళిపట్టు, తిరుత్తణి సీమ నాడు ఉత్తర ఆర్కాటు జిల్లాలోనిది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడగా అందులో చేరినది. దీనికి రెండు ప్రక్కలనుండి మిషనులు పనిచేసినవి. పడమటి ప్రక్క స్కడర్ సోదరులు 1853లో స్థాపించిన ఆర్కాటు మిషను. అందులోని జేకబ్ చేంబర్లేన్ దొరగారు 1863లో మదనపల్లె చేరి, వైద్యము చేయుచు బోధించుచు, తెలుగు బైబిలు సవరణ సంఘమునకు అధ్యక్షత వహించిరి. తూర్పు ప్రక్క జర్మనీలోని హెర్మన్స్‌బుర్గు మిషను. మీలియుస్ దొరగారు 1866 ప్రాంతమున సూళ్ళూరుపేటలో పని మొదలుపెట్టగా, నాయుడుపేట, గూడూరు, శ్రీకాళహస్తి, వెంకటగిరి, తిరుపతి వరకు అది ప్రాకెను. పుత్తూరు, కోడూరు కేంద్రములు 1912లో అమెరికాలోని ఒహైయో లూథరన్ సభ చేతికి వచ్చెను. పుత్తూరు మనకు ఎంత దూరము? సంతకు పోయివచ్చు దూరము. మన దిక్కున తెలుగు కీర్తనలు పాడు సంఘములకు ఈ పుత్తూరు, చిత్తూరు త్రోవలే మూలమని చెప్పవచ్చును.

సరిహద్దు దాటి తెలుగు నేర్చిన ఒక తమిళుని పేరు ఇచ్చట చెప్పక పోజాలము. తిరునెల్వేలి సీమకు చెందిన వి. ఎస్. అజరయ్య గారు నిజాము రాజ్యములోని దోర్నకలునకు వచ్చి, పెద్దయైన పిమ్మట తెలుగు అభ్యసించి, 1912లో ఆంగ్లికను సభలో మొదటి భారతీయ బిషప్పుగా అభిషిక్తులైరి. 1945లో మరణించు నాటికి వారి మండలములో విశ్వాసులు లక్షకు మించిరి. అధికసంఖ్యాకులు చదువురాని పల్లెవారు. బాప్తిస్మము పొందినవాడు తన చేతిని తన తలమీద నుంచుకొని, ఈ సువార్తను ప్రకటింపకున్నచో తనకు శ్రమయని పలుకవలెనని వారు ఏర్పాటు చేసిరి. విన్నవాడు వినిపించువాడు కావలెనని దాని భావము. తమిళమా తెలుగా యని మన వీధులలో వాదము పెరిగినప్పుడు ఈయనను ఎవరైన తలచుకొన్నచో బాగుండునని మాకు తోచుచుండును.

అయితే ఆచరణలో లోపము లేదని చెప్పినచో చరిత్రకు ద్రోహము చేసినవారమగుదుము. చచ్చిన గొడ్డును విడిచినంత తేలికగా కులమును విడువలేకపోయిరి. ఒక మిషనులో మాలలు అధికము, ఒక మిషనులో మాదిగలు అధికము. వీరి సంఘములో వారును, వారి సంఘములో వీరును ఇముడుట కష్టమాయెను. పై కులములనుండి వచ్చినవారు కొన్నిచోట్ల వేరుగా కూర్చుండిరి. ఒకే రొట్టెను విరిచి పంచుకొన్నవారు పెండ్లిసంబంధము వద్దకు వచ్చునప్పటికి తాతముత్తాతల వాడ పేరు అడిగిరి, నేటికిని అడుగుచున్నారు. ఒంగోలు పాఠశాలలో దొరగారికి కనబడిన పుట మన పెండ్లిపందిళ్ళలో తెరువబడలేదు.

మరియొక చిక్కు స్వాతంత్ర్యానంతరము వచ్చినది. 1950వ సంవత్సరపు రాష్ట్రపతి ఉత్తరువు ప్రకారము హిందూమతస్థులకే షెడ్యూల్డు కులపు గుర్తింపు. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును అది విస్తరింపబడినది, క్రైస్తవులకు లేదు. వారిని వెనుకబడిన తరగతులలో చేర్చినారు. 2022లో ఈ ప్రశ్నను పరిశీలించుటకు జస్టిస్ బాలకృష్ణన్ గారి అధ్యక్షతన కేంద్రప్రభుత్వము ఒక కమీషనును నియమించెను. తప్పొప్పులు నిర్ణయించుట మా పని కాదు. అయితే ధ్రువపత్రముల బల్ల వెనుక కూర్చున్నవారమగుటచే ఒక్క మాట చెప్పుదుము. చర్చిలో ఒక పేరు, కాగితములో వేరొక పేరు పెట్టుకొని బ్రతుకు కుటుంబములు కలవు. వారిని కపటులని నిందించుట సులువు. బిడ్డ చదువు అడ్డమువచ్చినప్పుడు నిందించువారు ఏమి చేయుదురో! ఒకనాడు ఒక వృద్ధ కూలీ మనుమని ధ్రువపత్రమునకై వచ్చెను. మతము అను గడి వద్ద మా కలము ఆగినది. అతడు కొంతసేపు క్రింద చూచి, “ఉన్నదే రాయండి సామీ, ఆయన చూస్తా ఉండాడు” అనెను. మేము వ్రాసితిమి. దానివలన ఆ మనుమనికి ఏమి పోయెనో మాకు తెలియును. ఆ వృద్ధునికిని తెలియును. పేరయ్యనాటి ఆదివారపు కేక ఇప్పుడు అచ్చుకాగితముపై గడిగా వచ్చినది.

ఇక మన భాష సంగతి. పటాస్కర్ గారి తీర్పును అనుసరించి 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి తాలూకాయు, పళ్ళిపట్టు ప్రాంతమును ఆంధ్రప్రదేశ్ నుండి మద్రాసు రాష్ట్రమునకు మారెను. ఇండ్లలో తెలుగు మారలేదు. 2006లో చేయబడిన చట్టము వలన బడులలో ఒకటవ తరగతి మొదలుకొని ఏడాదికొక తరగతి చొప్పున తమిళము నిర్బంధమైనది. తమిళము నేర్చుట మంచిదే. ఉన్న ఊరి భాష రాకున్న ఎట్లు? కాని తెలుగు అక్షరము చాల ఇండ్లలో పెద్దలతో ఆగిపోవుచున్నది. బల్లమీద తెలుగు బైబిలు ఉండును, గూటిలో పోతన భాగవతము ఉండును. చదువు చేయి ఉండదు. నూటయేబది ఏండ్ల క్రిందట పేరయ్య వాడలో పుస్తకము లేక విని నేర్చిరి. నేడు మన ఇండ్లలో పుస్తకము ఉండియు, పిల్లలు విని నేర్వవలసిన స్థితి వచ్చినది.

మా వీధిలోని పిల్లలు క్రిస్మసు కీర్తనలను తమిళలిపిలో వ్రాసికొని పాడుకొందురు. ఆ లిపిలో కకారగకారములకు ఒక్క అక్షరమే, పకారబకారములకును ఒక్క అక్షరమే. పాట అని వ్రాసినను, బాట అని వ్రాసినను కాగితము మీద భేదము కనబడదు. అవ్వ ప్రక్కన కూర్చుండి వినిన పిల్ల మాత్రము ఎచ్చట ఏది పలుకవలెనో తడుముకొనక పలుకుచున్నది. విననివారు కాగితమును చూచి చదువుచున్నారు. వారిని ఆ పిల్లయే దిద్దుచున్నది.